నా మీద సగం కూర్చోకండి

నేను ఒక గొంగడిని. నల్లదాన్ని, ముతకదాన్ని, ఒంటికి తగిలితే గీరుకునేదాన్ని. గొంగడి మెత్తగా ఉంటుందని మీకెవరైనా చెప్పి ఉంటే వాళ్లు జన్మలో గొంగడి కప్పుకోలేదని తెలుసుకోండి.

మనుషులు నా మీద రెండు సామెతలు కట్టారు. రెండూ నన్ను చిన్నబుచ్చేవే. పని ముందుకు సాగకపోతే 'ఎక్కడ వేసిన గొంగళి అక్కడే' అంటారు. వేసింది మీరు, తీయనిది మీరు, మాట పడేది మాత్రం నేను. నేను తిరిగిన ఊళ్లు, దాటిన వాగులు ఆ సామెత కట్టినవాడు కలలో కూడా చూసి ఉండడు. రెండోది 'గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు'. దాని సంగతి తర్వాత చెబుతాను. ఆ సామెతకు ప్యాంటూ చొక్కా తొడిగినట్టుండే పెద్దమనిషి ఒకాయన ఈ కథలోకి వస్తాడు.

నా కథ అన్నాను గానీ, ఇందులో సగం మైసమ్మది. మైసమ్మ పుస్తకాలు రాస్తుంది. లేని రాజ్యాలు, మాట్లాడే మృగాలు, మంత్రాలు, మాయలు. పట్నంలో వాటిని ఫాంటసీ అంటారు. సభల్లో ఎవరో ఒకరు లేచి, "ఇంత ఊహ మీకెక్కడి నుంచి వస్తుందండీ?" అని అడుగుతారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. నేను ఊరుకోను. ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. చాలావరకు నా కిందనుంచే వచ్చింది.

నేను పుట్టింది మెదక్ వైపు, గొర్రెలు కాసే కురుమల వాడలో. కత్తెర కింద పడుకున్న నల్ల గొర్రెల ఒంటి మీదనుంచి వచ్చాను. వాగులో ఉతికారు, ఎండలో ఆరబెట్టారు, వింటి నారితో ఏకి దూదిలా చేశారు. మైసమ్మ నాయినమ్మ ఎల్లవ్వ నన్ను రాట్నం మీద వడికింది. ఎల్లవ్వ చేతికి విశ్రాంతి ఉండేది గానీ నోటికి ఉండేది కాదు. కురుమల దేవుడు బీరప్ప కథ పాడుతూ పాడుతూ మధ్యలో కోడిని తిట్టేది, కోడలిని తిట్టేది, పైనున్న మబ్బును తిట్టేది, మళ్లీ పాట ఆగిన చోటే అందుకునేది. నా పడుగులో పాటలున్నాయి, పేకలో తిట్లున్నాయి. నేను ఇట్లా తయారయ్యానంటే అందులో నా తప్పేమీ లేదు.

మగ్గం దిగాక చింతగింజల గంజి పట్టించారు. ఆ గంజి తాగిన కొత్తలో నన్ను నేల మీద నిలబెడితే కర్ర సాయం లేకుండా నిలబడేదాన్ని. ఆ బిగువు ఇప్పుడు ఒంట్లో తగ్గింది. బుద్ధిలో తగ్గలేదు.

మా వాడలో నాకొక ఉద్యోగం కూడా ఉండేది. తగువు వస్తే పెద్దలు నన్ను పరిచి, రెండు పక్షాల వాళ్లనూ నా మీద కూర్చోబెట్టేవారు. గొంగడి మీద కూర్చున్నవాడు అబద్ధమాడకూడదు, తగువు తెగేదాకా లేవకూడదు. అది కట్టు. మనుషులు కట్టు పెడతారు, ఆ వెంటనే దానికొక సందు కూడా చూసుకుంటారు. కొందరు గడుసువాళ్లు ఒక పిర్ర నా మీద, ఇంకో పిర్ర నేల మీద పెట్టి కూర్చునేవారు. అబద్ధమాడాల్సి వస్తే ఆ మాట నేల మీద పిర్ర ఖాతాలోకి పోతుందని వాళ్ల ధైర్యం. నాకు బరువు తెలియదా? తెలుసు. చెప్పడానికి నోరే లేకపోయింది.

మైసమ్మ తండ్రి కొమరయ్య నన్ను కొప్పెరగా మడిచి నెత్తిన వేసుకుని మందను తోలుకుని పోయేవాడు. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి రాళ్లవాన పడింది. చుట్టూ బీడు, ఒక్క చెట్టు లేదు. కొమరయ్య నెత్తిమీంచి నన్ను తీసి చిన్నపిల్ల మైసమ్మనూ, పొద్దున్నే పుట్టిన గొర్రెపిల్లలనూ దగ్గరికి నెట్టి మీద కప్పాడు. తాను మాత్రం వీపు వంచి బయటే నిలబడ్డాడు. రాళ్లు నా మీద దబదబా పడుతున్నాయి. లోపల చీకటి, పచ్చి ఉన్ని వాసన, పిల్లల వెచ్చటి మూతులు. అప్పటికే నాకు అక్కడక్కడ పురుగు కొట్టిన చిల్లులున్నాయి. వాన వెలిసి ఎండ రాగానే ఆ చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా లోపలికి దిగింది.

"నాయినా, లోపట చుక్కలు పొడిసినయే!" అని మైసమ్మ అరిచింది.

"పొడవనీ. లెక్కవెట్టుకుంట పండు. బయటికి రాకు," అన్నాడు కొమరయ్య. ఆయన వీపు మీద రాళ్ల దెబ్బలు నల్లగా వాచి ఉన్నాయి.

ఏళ్ల తర్వాత మైసమ్మ రాసిన పుస్తకంలో ఆకాశం ఒక నల్లటి గొంగడి. నక్షత్రాలు దానికి పడిన చిల్లులు. బయట ఒక ముసలి దేవుడు వీపు వంచి నిలబడి రాళ్ల దెబ్బలు తింటుంటాడు, లోపలున్న లోకానికి ఆ సంగతి తెలియదు. ఎక్కడి ఊహ ఇది అని పట్నంలో తలలు పట్టుకున్నారట. పట్టుకోవాల్సింది కొమరయ్య వీపు.

ఆ పుస్తకంలో తోడేలు కూడా ఉంది. దాన్ని ఎవరూ చంపరు. మందలోంచి ఒక పిల్లను ఎత్తుకుపోతే కొమరయ్య ఒక రాయి విసిరి, "దాని వాటా అది కొంచవోయింది, పోనీ," అని బీడీ ముట్టించేవాడు. అడవిలో మేపినందుకు అడవికి పడే వాటా అని ఆయన లెక్క. మైసమ్మ తోడేలు ఆ లెక్కలోంచి నడిచి వచ్చింది.

ఇక అసలు సంగతి.

మైసమ్మ ఇంకా పలక పట్టకముందే ఆమె తల్లి జ్వరంతో పోయింది. కొమరయ్య లచ్చవ్వను చేసుకున్నాడు. లచ్చవ్వ కూడా పోగొట్టుకుని వచ్చినదే. మొదటి మగడు పోయాడు, వాడి వెనకే చంటి కొడుకు పోయాడు. ఆ కొడుకును చుట్టిన ఎర్రబట్ట ఒకటి ఆమె మూటలో అడుగున ఉండేది. ఆమె వంట చేసేది, మందకు తడిక కట్టేది, అన్నీ చేసేది. మైసమ్మ మొహం మాత్రం చూసేది కాదు. అన్నం పెట్టి మొహం తిప్పుకునేది. ఆ పిల్ల కూడా మొండిది, ఆమె పెట్టిన అన్నం ముట్టేది కాదు. నాయినమ్మ ఎల్లవ్వ మధ్యలో నిలబడి ఇద్దరినీ తిట్టేది. తిట్లతో తీరే రోగమా అది?

ఆ ఏడు వానలు లేక మంద వలస పోయింది. దారిలో ఒక గొర్రెకు పిల్ల చచ్చి పుట్టింది. ఇంకో గొర్రె ఈనుతూనే చచ్చిపోయి, పిల్ల మిగిలింది. పిల్లలేని తల్లి దగ్గరికి తల్లిలేని పిల్లను తోలితే అది కుమ్మి అవతల పారేసింది. కొమరయ్య చచ్చిన పిల్ల తోలు ఒలిచి, ఆ అనాథపిల్లకు అంగీలా తొడిగాడు. తల్లి వచ్చి వాసన చూసింది. మళ్లీ చూసింది. ఆ తర్వాత కాళ్లు ఎడం చేసి నిలబడి పాలిచ్చింది. మందలు కాసేవాళ్లకు ఇది ఉన్న పద్ధతే, వింతేమీ కాదు. మైసమ్మకు వింతే. రెప్ప వేయకుండా చూసింది.

ఆ సాయంత్రం లచ్చవ్వ నన్ను భుజాన వేసుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మైసమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒంటికి ఎర్రబట్ట చుట్టుకుని ఉంది. ఆ మూటలోని బట్ట.

తర్వాత ఏమైందో నాకు తెలుసు, నేను అక్కడే ఉన్నాను. ఇప్పుడు చెప్పను. చెప్పాల్సిన మనిషి ముందుకు వస్తుంది, ఆమే చెబుతుంది. ఆ రోజు పొయ్యి చల్లారేసరికి నా కింద ఇద్దరున్నారని మాత్రం చెబుతాను. తెల్లారి మైసమ్మ 'సిన్నవ్వా' అనడం మాని 'అవ్వా' అంది. మా వైపు అవ్వ అంటే అమ్మ.

మైసమ్మ హాస్టలుకు చదువుకు పోతే నేనూ పోయాను. మిగతా పిల్లలకు పూలపూల దుప్పట్లు, ఆమెకు నేను. "ఎవరే గొర్రెను తెచ్చి మంచం మీద పండవెట్టింది?" అని ముక్కులు మూసుకున్నారు. మైసమ్మ ఏడవలేదు. "ఇది గొర్రె గాదు, తోడేలు. మీరు పండుకున్నంక లేస్తది," అంది. చలికాలం వచ్చింది. పూలదుప్పట్ల సంగతి తేలిపోయింది. ముక్కులు మూసుకున్నవాళ్లే ఒక్కొక్కరు వచ్చి నా కింద దూరి, "మల్ల, తోడేలు లేసి ఏం జేసిందే?" అని అడిగేవారు. మైసమ్మ మొదటి పాఠకులు వాళ్లే. కథ నచ్చితే కూర్చున్నారో, వెచ్చగా ఉందని కూర్చున్నారో నన్ను అడగకండి. రచయితలకు అలాంటి నిజాలు చెప్పకూడదు.

ఆమె పెద్దదై కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం చేస్తూ ఆ గొంగడి ఆకాశం పుస్తకం రాసింది. పేరు 'నల్లున్ని ఆకాశం'. అందులో ఒక రాణి, కొడుకు పోయిన దుఃఖంతో రాయిగా మారుతుంది. రాజ్యంలోని మంత్రగాళ్లందరూ ఓడిపోయాక దిక్కులేని ఒక పిల్ల ఆ చనిపోయిన బిడ్డ బట్టను చుట్టుకుని వెళ్లి రాతి ముందు కూర్చుంటుంది. పుస్తకానికి గుండెకాయ ఆ అధ్యాయం. ఇద్దరు ప్రచురణకర్తలు 'మనకు నప్పదు' అని తిప్పి పంపారు. మూడో ఆయన శేషఫణి గారు వేస్తానన్నాడు. ఆయన కాదంటే మైసమ్మకు ఇంకో తలుపు లేదు.

శేషఫణి గారు మంచివాడు. ఆ మంచితనంతోనే వెంట్రుకలు ఏరడం మొదలుపెట్టాడు. మైసమ్మ అన్న పేరు పుస్తకం మీద బరువుగా ఉంటుంది, 'మాన్సి' అని పెడదాం అన్నాడు. బొమ్మలాయన చేత అట్ట వేయించి పంపాడు. దాని మీద సున్నం కొట్టినట్టున్న తెల్లటి గొర్రెలు, ఒంటి నిండా ఉంగరాల జుట్టు, వెనకాల మంచుకొండ. "మన గొర్రెలు నల్లగుంటయి సార్," అని మైసమ్మ ఫోను చేస్తే, "నల్ల ఆకాశం కింద నల్ల గొర్రెలు కనిపించవు కదమ్మా," అన్నాడు. ఈ రెంటికీ ఆమె నవ్వింది. మూడో మాటకు నవ్వలేదు. ఆ బట్ట అధ్యాయం తీసేయాలి, దాని స్థానంలో నిప్పులు కక్కే డ్రాగన్ ఒకటి వచ్చి రాతిని కరిగించాలి. అప్పుడు నమ్మశక్యంగా ఉంటుందన్నాడు. ఒప్పుకోకపోతే పుస్తకం ఆగిపోతుంది.

చూశారా? గొంగట్లో అన్నం పెట్టుకుని కూర్చున్నాడు. వెంట్రుక తీసేస్తే తింటానంటున్నాడు. వెంట్రుకలన్నీ తీసేశాక గొంగడి ఏదయ్యా?

అది గొర్రెలు ఈనే కాలం. కొమరయ్య కాలు బెణికి మంచంలో ఉన్నాడు. మైసమ్మ సెలవు పెట్టి మంద దగ్గరికి వచ్చింది. "నేను రాలేను సార్, మాట్లాడాలంటే మీరే రండి," అంది. ఆయన నిజంగానే వచ్చాడు. కారు బాట మీదే ఆగిపోతే, తెల్లప్యాంటు పైకి పట్టుకుని పెంటిక తొక్కకుండా దూకుతూ దూకుతూ వచ్చాడు. లచ్చవ్వ నన్ను దులిపి తుమ్మచెట్టు కింద పరిచింది. ఆమె జుట్టు అప్పటికి తెల్లబడింది.

"కూసో సారూ."

ఆయన నన్ను చూశాడు, తన ప్యాంటును చూసుకున్నాడు, అంచున ఒద్దికగా కూర్చున్నాడు. సగం నా మీద, సగం నేల మీద.

"గట్ల గాదు. మొత్తం ఎక్కి కూసో."

"పర్లేదమ్మా, నాకిలా బావుంది."

"నీకు బాగనే ఉంటది. సగం కూసుంటే సగం మాటనే ఒస్తది," అని గొణిగి, లచ్చవ్వ ఒక నీరసం గొర్రెపిల్లను ఒళ్లో వేసుకుని పాలసీసా దాని నోట్లో పెట్టింది. మైసమ్మ నా మీద మఠం వేసుకుని కూర్చుంది.

"మైసమ్మ గారూ, మీ ఆకాశం అద్భుతం," అని మొదలుపెట్టాడు శేషఫణి గారు. "తోడేలు వాటా కూడా అద్భుతమే. ఆ ఒక్క అధ్యాయం మాత్రం వదిలేయండి. ఎవరో పిల్ల వెళ్లి చచ్చిపోయిన బిడ్డ బట్ట కట్టుకుని తల్లి ముందు కూర్చోవడమేంటండీ? ఎవరు నమ్ముతారు?"

"ఆకాశం గొంగడంటే నమ్మిన్రు గద సార్."

"అది ఊహ. ఊహను నమ్ముతారు. ఇది... ఏ తల్లీ ఊరుకోదమ్మా. కొట్టి తరిమేస్తుంది."

"నేను తియ్యను."

"అయితే నేను వెయ్యలేను. బాధగానే ఉంది."

"బాధ నాకూ ఉంది సార్. అయినా తియ్యను."

లచ్చవ్వ తల ఎత్తింది. "ఏం బట్ట?"

మైసమ్మ మొహంలో రంగు పోయింది. తాను రాసిన సంగతి ఆమె లచ్చవ్వకు ఏనాడూ చెప్పలేదు. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి చిన్నపిల్లలా నా పోగు ఒకటి లాగుతూ కూర్చుంది. ఆ పోగు ఊడింది కూడా. ఇప్పటికీ అక్కడ చిల్లు ఉంది.

"ఏం బట్టనే పోరీ? సదువు, నేను గూడ ఇంట," అంది లచ్చవ్వ.

మైసమ్మ చదివింది. కథలో పిల్ల వచ్చి కూర్చుంది. రాతి రాణి బట్టను వాసన చూసింది. రాతి కంట్లోంచి ఒక చుక్క రాలింది. ఆ చుక్కకు రాయి కరిగి, రాణి చేతులు చాపి పిల్లను దగ్గరికి తీసుకుంది. మైసమ్మ ఆపింది. లచ్చవ్వ ఒళ్లోని గొర్రెపిల్ల నోట్లో సీసా సరిచేసింది.

"అంతేనా?"

"అంతే అవ్వా."

"మరి కొట్టింది ఏది?"

మైసమ్మ కాగితాలు మడిచింది.

"రాణి కొట్టలేదా? నేను కొట్టిన గదనే. సెంప పగిలేటట్టు కొట్టిన. నీ నోట్ల నెత్తురొచ్చింది. గది ఎటువోయింది?"

"నువ్వు బాధవడ్తవని రాయలే."

"బాధవడకుంటనే ముసల్దాన్నయిన్నా?"

శేషఫణి గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, మీరు... మీరేనా అది?"

"నేనే సారూ. రాణిని గాదు గనీ, రాయినైతే నేనే." లచ్చవ్వ గొర్రెపిల్లతో సహా జరిగి వచ్చి నా నడిమధ్య కూర్చుంది. "గొంగడి మీద కూసోని సెప్తున్న. కొట్టిన. కొట్టి, ఆ బట్ట గుంజుకుందామని దాని వీపు మీద చెయ్యేసిన. బట్ట ఎచ్చగున్నది సారూ. నా కొడుకు పోయినప్పటి సంది ఆ బట్ట సల్లగనే ఉండె. మూటల ఎన్నిసార్లు పట్టి సూసినా సల్లగనే ఉండె. గా పొద్దు ఎచ్చగయింది. ఇగ గుంజుకోబుద్ధి గాలే."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. కళ్లలో ఏమీ లేదు తుడుచుకోవడానికి. పాలసీసా ఖాళీ అయిందో లేదో వెలుతురుకు పెట్టి చూసుకుంది.

"వాసనకు కరిగిందని రాసినవు, తప్పు. గొర్రె వాసనకు కరుగుతది. మనిషి గంత తేలిగ్గ కరగదు బిడ్డా. ముందుగాల కొడ్తది. కొట్టిందని రాయి. గప్పుడు ఎవ్వలైనా నమ్ముతరు." అంటూ ఆయన వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు సెప్పు సారూ. నమ్మబుద్ధి కాలేదా నీకు?"

శేషఫణి గారు మెల్లగా, ఈసారి ఎవరూ చెప్పకుండానే, నేల మీదున్న సగాన్ని కూడా నా మీదికి జరుపుకున్నాడు. నాకు బరువు తెలిసింది.

"నమ్మానమ్మా," అన్నాడు. "చదివిన రోజే నమ్మాను. నమ్మి, ఆ పూట అన్నం తినలేకపోయాను. మా చెల్లెలు చిన్నప్పుడే పోయింది. దాని గౌను మా అమ్మ ఇప్పటికీ ఎవరినీ ముట్టుకోనివ్వదు. డ్రాగన్ అయితే ఎవరికీ ఏమీ గుర్తు రాదు కదా అనుకున్నాను."

"అద్గదీ," అంది లచ్చవ్వ. "ఇందాక సగమే కూసున్నవు గనుక తప్పు గాదులే."

మైసమ్మ ముందు నవ్వింది, ఆ వెంటనే ఆయన కూడా నవ్వి ముక్కు తుడుచుకున్నాడు. అధ్యాయం ఉంటుందన్నాడు, చెంపదెబ్బతో సహా. పైకి లేవబోతూ, "పేరు మాత్రం మాన్సి అని..." అన్నాడు.

"ఇంక లేవలే సారూ నువ్వు," అంది లచ్చవ్వ.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. పేరు మైసమ్మ అనే ఉండిపోయింది. అట్ట మీద గొర్రెలు కూడా నల్లబడ్డాకే ఆయన్ను లేవనిచ్చారు.

పుస్తకం వచ్చింది. చెంపదెబ్బ గురించి పత్రికల్లో పెద్ద పెద్ద మాటలు రాశారు, 'కల్పనా శక్తికి పరాకాష్ఠ' అని ఒకాయన. మైసమ్మ అదే అధ్యాయాన్ని మంద దగ్గర చదివి వినిపిస్తే కొమరయ్య బీడీ ఆర్పి, "ఇది మన ఇంట్ల ముచ్చటనే గదా, కథ ఎప్పుడు మొదలువెడ్తవు?" అని అడిగాడు. ఇంతకు మించిన మెప్పు ఆమెకు ఇంకెక్కడా రాలేదు.

ఆ మధ్య పట్నంలో సన్మానం చేశారు. మైసమ్మ నన్ను భుజాన వేసుకుని వేదిక ఎక్కింది. నిర్వాహకుడు శాలువా పట్టుకుని వచ్చి, చెవిలో, "మేడమ్, ఆ కంబళి కాస్త తీస్తే ఫోటో బాగా వస్తుంది," అన్నాడు. "దీని మీదనే కప్పండి, జారిపోకుండ పట్టుకుంటది," అంది మైసమ్మ. కప్పారు. పాపం, ఆ శాలువా పట్టుది. నా ఉన్ని ముళ్లకు చిక్కుకుని సభ అయిపోయేదాకా ఊడి రాలేదు. ఒకరినొకరం గీరుకుంటూ కూర్చున్నాం.

ఈ మధ్యే ఒక మ్యూజియం వాళ్లు నన్ను ఇమ్మని అడిగారు. అద్దాలపెట్టెలో పెడతారట. పురుగు కొట్టకుండా మందు వేస్తారట, పక్కన ఒక చిన్న రేకు మీద నా వయసు రాస్తారట. మైసమ్మ నా చిల్లులోంచి వేలు పోనిచ్చి ఆడిస్తూ, "దీనికి ఇంకా పని ఉందండీ," అని ఫోను పెట్టేసింది. నిజమే. నా చిల్లులకు మందు వేసేవాళ్లు రేపు చిల్లులు కూడా పూడ్చి నా చుక్కలను ఆర్పేస్తారు. ఆమె కొత్త పుస్తకం సగంలో ఉంది. రాసేటప్పుడు నన్ను కింద పరుచుకుంటుంది. మొదటి పుస్తకంలో చెంపదెబ్బ దాచినప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని రాసింది. ఇప్పుడు కుర్చీ మూలన పడి ఉంది.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు కదూ? సరే, అక్కడే ఉన్నాను. ఎటూ పోను. మీకు కథలంటే అబద్ధాలన్న నమ్మకం గట్టిగా ఉంటే వచ్చి ఇక్కడ కూర్చుని ఆ మాట చెప్పండి.

అట్లా కాదు. మొత్తం ఎక్కి కూర్చోండి.